రెండు నిమిషముల బొమ్మ: చూచుట నేర్పు విద్య



ఈ పూట నేను మాటలాడ దలచిన విషయము బడిపిల్లలకు సినిమా తీయుట నేర్పుటను గుఱించి. ఈ మాట చెవిని పడగానే మీలో కొందఱు నొసలు ముడుచుకొందురని ఎఱుగుదును. "లెక్కలు రాని పిల్లవానికి సినిమా యెందుకు? ఇప్పటికే వాడు చేతిలోని ఫోను విడువడు. దానికి తోడు బడిలో కూడ బొమ్మలేనా?" అని అడుగువారుందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి తగిన సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగము.

పిల్లలను వేషములకై పట్టణములకు పంపవలెనని నేను కోరుట లేదు. చదువుట, వ్రాయుట, లెక్కించుట అను మూడు విద్యలతో పాటు చూచుట అను నాలుగవ విద్యను గూడ నేర్పవలసిన కాలము వచ్చినదని నా మనవి. ఆ విద్యకు ఓనమాలుగా ఉపయోగపడదగిన రెండు నిమిషముల చిత్రమొకటి కలదు. దానిని సినిమావారు ట్రెయిలరు అందురు.

ట్రెయిలరు అనగా రాబోవు సినిమాను గుఱించి ముందుగా చూపెడి మచ్చు. పేరు పరదేశపుదే గాని పని మనకు క్రొత్తది కాదు. మీ చిన్ననాట ఊరికి డేరా సినిమా వచ్చినపుడు, బండికి రెండు ప్రక్కల బొమ్మల అట్టలు కట్టి, మైకులో కేకలు వేయుచు, రంగుకాగితముల కరపత్రములు విసరుచు వీథివీథి త్రిప్పిన సంగతి మీకు జ్ఞాపకముండును. సినిమాహాలు దగ్గఱ అమ్మెడి పాటల పుస్తకములో కథ సగము వఱకు చెప్పి, చిక్కుముడి బిగిసిన చోట ఆపి, శేషము వెండితెరపై చూడవలసినదని వ్రాసెడివారు. ట్రెయిలరునకు మూలసూత్రము అదియే. కొంత చూపవలెను, కొంత దాచవలెను, దాచినది యేమో తెలిసికొనవలెనను కోరికను పుట్టింపవలెను.

ఇంకను వెనుకకు పోయినచో మన కూచిపూడివారి భామాకలాపమున్నది. సత్యభామ ఒక్కసారిగా రంగమునకు రాదు. ఇద్దఱు తెర పట్టుకొని నిలువగా, దాని వెనుకనుండి ఆమె జడ మాత్రము తెర మీదుగా ఇవతలకు వ్రేలాడును. ఆ జడను చూచియే సభవారు ఆమె సౌందర్యమును, అభిమానమును, రాబోవు కలహమును ఊహించుకొందురు. ముఖము చూపకయే మనిషిని పరిచయము చేయు ఈ నేర్పు మన రంగస్థలమునకు ఏనాటినుండియో తెలిసినదే.

సినిమాలోనికి ఈ పద్ధతి 1913లో న్యూయార్కు నగరమున ప్రవేశించినది. మార్కస్ లో అను నతని సినిమాహాళ్ళకు ప్రచారము చూచుచుండిన నిల్స్ గ్రాన్లండ్, ఒక సంగీతనాటకమును గుఱించి చిన్న చిత్రమొకటి తయారు చేయించి ఆ హాళ్ళలో చూపెను. ఇట్టి చిత్రములను మొదట అసలు బొమ్మ ముగిసిన పిదప చూపెడివారు. ఆంగ్లమున ట్రెయిల్ అనగా వెనుక వచ్చుట. కావున వెనుక వచ్చునది ట్రెయిలరైనది. బొమ్మ కాగానే జనులు లేచి పోవుచుండిరి గనుక క్రమముగా దానిని ముందునకు తెచ్చిరి. పాత పేరు మాత్రము నిలిచినది. 1919 నాటికే అమెరికాలో ఈ పనినే వృత్తిగా పెట్టుకొన్న సంస్థ యొకటి ఏర్పడెను. 2014లో అక్కడి సినిమాహాళ్ళ యజమానుల సంఘము ట్రెయిలరు రెండు నిమిషములు మించకుండుట మంచిదని సూచించినది.

ఈ రెండు నిమిషములలో జరుగునదేమో కొంచెము లెక్క వేసి చూతము. సినిమాలో సాధారణముగా సెకనునకు 24 నిశ్చలచిత్రములు కన్నుల యెదుట పరుగెత్తును. రెండు గంటల బొమ్మలో అట్టివి 1,72,800 ఉండును. రెండు నిమిషముల ట్రెయిలరులో ఉండునవి 2,880. అనగా దానిని కూర్చువాడు అఱువదింట ఒక పాలు మాత్రము నిలిపి తక్కినదంతయు విడిచిపెట్టవలెను. ఏది ఉంచవలెను, ఏది విడువవలెను, దేని ప్రక్కన దేనిని నిలుపవలెను అను మూడు ప్రశ్నలే ఆ పనికి ప్రాణము. మొదటి రెండును చేటలో ధాన్యము చెఱిగెడి ఇల్లాలికి తెలిసినవే. మూడవది మాత్రము కొంత వింతైనది. దాని శక్తిని లోకమునకు తెలియజేసినవారు మాస్కో నగరమునందలి యొక బడికి చెందిన గురుశిష్యులు.

ఆ నగరమున 1919లో సినిమా నేర్పుటకై ప్రభుత్వపు బడియొకటి నెలకొన్నది. అందు పాఠములు చెప్పిన లెవ్ కులెషోవ్ అప్పటికి ఇరువది యేండ్ల యువకుడు. దేశమున అంతర్యుద్ధము సాగుచున్నది. ముడిఫిలిము దొరకుట గగనమైనది. సినిమా నేర్పవలసిన బడిలో సినిమా తీయుటకు సామగ్రి లేదు. అట్టి కఱవులో కులెషోవు శిష్యులు ఫిలిము లేకయే దృశ్యములను ఆడి చూపిరి. పాత చిత్రముల ముక్కలను కత్తిరించి, మఱియొక వరుసలో అతికి, అర్థమెట్లు మాఱునో పరీక్షించిరి. ఇతరుల చిత్రములను విప్పి మఱల కూర్చుటయే వారికి చదువైనది.

ఆ పరీక్షలలో ఒకటి నేటికిని ప్రపంచమందలి సినిమాబడులన్నిటిలో చెప్పుకొనబడుచున్నది. మొజుఖిన్ అను ప్రసిద్ధనటుని ముఖము, ఏ భావమును లేనిది, ఒకటి తీసికొనిరి. దాని తరువాత ఒకచోట సూపు గిన్నెను, వేఱొకచోట శవపేటికలోని స్త్రీని, మఱియొకచోట ఆటబొమ్మతో ఆడుకొను పాపను అతికిరి. కులెషోవు శిష్యుడును పిమ్మట స్వయముగా గొప్ప దర్శకుడును అయిన పుదోవ్కిన్ చెప్పిన ప్రకారము, చూచినవారు ఆ నటుని ప్రజ్ఞను మెచ్చుకొనిరి. గిన్నెను చూచినపుడు ఆలోచన, మృతురాలిని చూచినపుడు దుఃఖము, పాపను చూచినపుడు వాత్సల్యము అతని ముఖమున కనబడినవని చెప్పిరి. మూడు చోట్లను ఉన్నది ఒక్కటే ముఖము. భావము ముఖములో లేదు; రెండు బొమ్మల నడుమ చూచువాని మనస్సులో పుట్టినది.

దీనిని మన ఊరికి అన్వయించి చూడుడు. రచ్చబండపై కూర్చున్న ఒక పెద్దమనిషి ముఖమును ఫోనుతో పట్టితిమనుకొందము. దాని తరువాత బీటలు వాఱిన చెఱువును చూపితిమా, ఆయన వానకై దిగులుపడుచున్నాడందురు. బస్సు దిగి వచ్చుచున్న మనుమని చూపితిమా, ఎదురుచూచి యెదురుచూచి సంతోషించుచున్నాడందురు. ఎన్నికల గుర్తుగల జెండాను చూపితిమా, ఆ పార్టీని తలచుకొని మురియుచున్నాడనియో, మండిపడుచున్నాడనియో తమకు తోచినట్లు చెప్పుదురు. నిజమున కాయన ఈ మూడింటిలో దేనిని చూచియుండలేదు. కన్నులలో ఎండ పడినదంతే. ఆయన యెఱుగకుండగనే ఆయన ముఖము మూడు మాటలు పలికినది.

ఇక్కడనే ఈ విద్యకును మన బ్రతుకునకును ముడి పడుచున్నది. నిండుగా పూచిన ప్రత్తిచేను ఒక క్షణము, విత్తనముల సంచి మఱుక్షణము చూపుదురు. ఆ సంచిలోని గింజలే ఆ చేనైనవని ఎవరును నోట చెప్పలేదు. మన కన్ను చెప్పినది. మంచము పట్టిన ముసలివాడు ఒక బొమ్మలో, అతడే పరుగెత్తుట వేఱొక బొమ్మలో, నడుమ ఒక మందుసీసా. అప్పిచ్చెడివాని ప్రకటనలో ముందు కూలిన గోడ, పిదప క్రొత్త మేడ. నడుమ వడ్డీ లెక్క లేదు. ఒక ఊరిలో ఏనాడో జరిగిన కొట్లాట బొమ్మను తెచ్చి, నిన్న పొరుగూర జరిగినదని పంపిన, జనులు కఱ్ఱలు చేతబట్టుట వఱకు పోవచ్చును. అంతటితో ఆగక, మాటలాడనివాడు మాటలాడినట్లు బొమ్మలను కల్పించు యంత్రములు కూడ నేడు వచ్చినవి. ఇవియన్నియు మన పిల్లల అఱచేతిలోనికి దినమునకు వందలుగా దిగుచున్నవి. అక్షరము రానివాడు వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొన్న కథలు మీకు తెలియును. చూచుట రానివాని స్థితియు నేడట్లే యున్నది.

చట్టము లేదా యందురేమో. దీనికి సంబంధించిన తగవొకటి మన సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. మహారాష్ట్రలో ఒక ఉపాధ్యాయురాలు 2016లో విడుదలయైన హిందీ చిత్రమొకదానిని, ముందుగా ప్రచారములో చూపిన పాటను నమ్మి, కుటుంబముతో చూడబోయెను. చిత్రములో ఆ పాట లేదు. ఆమె వినియోగదారుల కమిషనును ఆశ్రయింపగా, రాష్ట్ర కమిషను ఆమెకు 10,000 రూపాయల నష్టపరిహారమును, 5,000 రూపాయల ఖర్చులను ఇప్పించినది. జాతీయ కమిషనును దానినే స్థిరపఱచినది. కాని 2024 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసినది. ట్రెయిలరు కేవలము ప్రచారమే గాని వాగ్దానము కాదు, దానివలన ఒడంబడిక యేర్పడదు అని నిర్ణయించినది. తీర్పు న్యాయమే కావచ్చును. కాని దానినుండి మనము గ్రహింపవలసిన నీతి స్పష్టము. బొమ్మ చూపినదానికి బొమ్మ చూపినవాడు ప్రతిసారియు పూచీపడడు. చూచువాడే తెలిసి చూడవలెను. ఆ తెలివిని బడి నేర్పక ఎవరు నేర్పుదురు?

మఱి ఇందుకు ట్రెయిలరే యెందుకు? దానికి మూడు కారణములు కలవు. అది చిన్నది, ఒక్క పీరియడులో పదిమార్లు చూడవచ్చును. రెండవది, అది పూర్ణమైనది. మనుషులు, చోటు, కోరిక, అడ్డంకి, సంగీతము, మౌనము అన్నియు అందుండును. మూడవది, అది తన ఉద్దేశమును దాచుకొనదు. "నన్ను చూడ రండు" అని పిలుచుటకే పుట్టినది గనుక, అది మనస్సును ఎట్లు లాగుచున్నదో పరిశీలించుట పిల్లలకు సులభము. పెద్ద సినిమా మహాకావ్యమైనచో ట్రెయిలరు పెద్దబాలశిక్ష వంటిది.

ఎనిమిదవ తరగతి పిల్లలకు ఈ విద్యను ఏ క్రమమున నేర్పవచ్చునో చెప్పెదను.

మొదటి పాఠమున ట్రెయిలరును శబ్దము లేకుండ చూపవలెను. ఒక బొమ్మ తెగి వేఱొక బొమ్మ వచ్చిన ప్రతిసారియు పిల్లలు ఒక చింతపిక్కను గిన్నెలో వేయవలెను. ముగిసిన పిదప లెక్కింతురు. మొదట చింతపిక్కలు మెల్లగా పడుటయు, చివఱకు వచ్చుసరికి చేతులు అందుకొనలేకపోవుటయు వారే గమనింతురు. గుండె వేగము పెంచుటకు కత్తెర వేగమును పెంచుదురను రహస్యము ఏ ఉపన్యాసమును లేకయే బోధపడును. పిమ్మట కన్నులు మూసికొని శబ్దము మాత్రము వినవలెను. భయమును పుట్టించినది బొమ్మయా, డప్పు మ్రోతయా అని అడుగవలెను.

రెండవ పాఠము, చూపిన దేమి, దాచిన దేమి అని పలకపై రెండు వరుసలుగా వ్రాయుట. ఎవరు కనబడిరి? వారికేమి కావలెను? అడ్డు వచ్చినదెవరు? చివరకు ఏమైనదో చూపిరా? రెండవ వరుసలో వ్రాసినదే కథకు తాళపుచెవి యని పిల్లలు తెలిసికొందురు.

మూడవది చూపుల కొలత. ఊరంతయు కనబడునట్లు దూరమునుండి తీసిన బొమ్మ, మనిషి నడుము వఱకు కనబడు బొమ్మ, కన్నీటిచుక్క మాత్రము కనబడునట్లు దగ్గఱనుండి తీసిన బొమ్మ, ఈ మూడింటికిని ప్రయోజనములు వేఱు. నేలమీదనుండి పైకి చూచి తీసిన మునసబు పర్వతమువలె కనబడును; మేడపైనుండి క్రిందికి చూచి తీసిన అదే మునసబు చీమవలె కనబడును. మనిషి మాఱలేదు, కెమెరా నిలిచిన చోటు మాఱినది.

నాలుగవది బొమ్మల వరుస గీయుట. కాగితమున ఆఱు గళ్ళు గీసి, చెప్పదలచిన కథను ఆఱు బొమ్మలలో చెప్పవలెను. బొమ్మలు అందముగా నుండనక్కఱలేదు. గీతల మనుషులు చాలును. ఈ అలవాటు గొప్పవారికిని ఉండెను. వంగదేశమున సత్యజిత్ రాయి 1955లో విడుదలయైన 'పథేర్ పాంచాలి'కి, మామూలుగా వ్రాసెడి స్క్రిప్టునకు మాఱుగా, దృశ్యములను బొమ్మలుగా గీసికొని పెట్టుకొనెను. మన బాపు చిత్రకారుడై యుండి దర్శకుడైనవాడు. గోదావరి సీమలోని పులిదిండి గ్రామమున తీసిన ఆయన మొదటి చిత్రము 'సాక్షి' 1967లో వచ్చినది. దృశ్యములను ముందుగా కాగితముపై గీసికొనుట ఆయన పద్ధతి. కాగితముపై తప్పు దిద్దుటకు రబ్బరు చాలును. తీసిన పిదప దిద్దుటకు దినములు పట్టును. ఆలోచించి పని మొదలిడుట అను గుణము ఇందువలన అబ్బును.

అయిదవ పాఠమున పిల్లలు తామే ఒక ట్రెయిలరు తీయవలెను. అది ఇంకను తీయని సినిమాకు ట్రెయిలరు. "మా ఊరి చెఱువు" అను బొమ్మ ఉన్నదనుకొని, దానికి నిమిషమున్నర ట్రెయిలరు చేయుమని చెప్పవలెను. రెండు గంటల కథ అల్లుట పిల్లలకు భారము. నిమిషమున్నర వారము దినములలో ముగియును. ఒకడు ఫోను పట్టును, ఒకతె గళ్ళలో బొమ్మలు గీయును, ఒకడు తూము చప్పుడును, కప్పల కూతను పట్టితెచ్చును, మాటలు రాని పిల్లవాడు నటించును, లెక్కలలో గట్టివాడు సెకనులు కొలుచును. వెనుకబెంచీలో మౌనముగా కూర్చుండువాడు అన్నిటికన్న మంచి చూపుగలవాడని ఆనాడు తెలియవచ్చును.

ఆఱవ పాఠము అన్నిటిలో ముఖ్యమైనది. తీసిన ఆ తునకలతోనే రెండు ట్రెయిలర్లు కూర్పవలెను; ఒకటి భయము పుట్టించునది, ఒకటి నవ్వు పుట్టించునది. ఇది సాధ్యమాయని సందేహము వలదు. 2005లో న్యూయార్కులో కూర్పు సహాయకులకు పోటీ యొకటి జరిగినది. ఒక యువకుడు 1980లో వచ్చిన 'ది షైనింగ్' అను మిక్కిలి భయంకరమైన చిత్రమును తీసికొని, అందలి దృశ్యములనే ఏరి, క్రొత్త మాటలను, ఉల్లాసమైన సంగీతమును చేర్చి, తండ్రీకొడుకుల ప్రేమను గుఱించిన కుటుంబకథగా ట్రెయిలరు చేసెను. ఆ పోటీలో బహుమానము అతనికే వచ్చినది. గొడ్డలి పట్టిన వాడు చల్లని తండ్రిగా మాఱిపోయెను. మన పిల్లవాడు చెఱువుగట్టుపై అవ్వ నడకను ఒకసారి దయ్యముగాను, ఒకసారి హాస్యముగాను తన చేతులతో మార్చినపుడు, ఇక జన్మలో ఏ బొమ్మను చూచినను "దీనికి రెండవ కూర్పు ఎట్లుండునో" అని వానికి తోచును. ఆ అనుమానమే మనము నేర్పదలచిన విద్య.

ఏడవది సభ. ఊరివారిని పిలిచి పిల్లల ట్రెయిలరును చూపవలెను. మీ కేమి తోచినదని పెద్దలను అడిగి వ్రాసికొనవలెను. తాము చెప్పదలచినదానికిని, చూచువారు గ్రహించినదానికిని ఎంత దూరమున్నదో చూచి పిల్లలు నేర్చుకొందురు. ఈ పాఠములన్నిటికిని ఒక ధర్మము తోడుగా నుండవలెను. అడుగక ఎవరి ముఖమును పట్టరాదు. ఒకరు నవ్విన నవ్వును వారు నవ్వని చోట అతుకరాదు. కత్తెర చేతికిచ్చునపుడు బార్బరునకైనను దర్జీకైనను చెప్పెడి హెచ్చరికయే ఇది.

ఇప్పుడు మీ సందేహములకు వత్తును. "ఫోనుతో పాడగుచున్న పిల్లలకు ఇంకను ఫోనేనా?" అందురు. పిల్లవాడు గంటకు నూఱు బొమ్మలు చూచుట వేఱు. ఒక్క బొమ్మకై వారము దినములు శ్రమించుట వేఱు. మిఠాయి తినుటకును, పాకము పట్టుట నేర్చుటకును ఉన్నంత భేదము దీనికి నున్నది. పాకము పట్టువాడు మిఠాయి చూచి ఊరక లొంగడు.

"అందఱును సినిమాలకని పాఱిపోవుదురేమో" అందురు. పద్యము నేర్చిన వారందఱును కవులై ఊరు విడిచిరా? వ్యాకరణము నేర్చుట భాషను తెలిసికొనుటకు. నూటికొకనికి నిజముగా ఆ వైపు నేర్పున్నచో, వాడు తెలిసి పోవును. తెలియక పోయి కష్టపడుటకన్న అది మేలు. మనవారిలో ఈ విద్యను గౌరవించిన తండ్రి నూఱేండ్లకు పూర్వమే యుండెను. మచిలీపట్టణమునకు చెందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు తన కుమారుడు ప్రకాశును సినిమా తీయుట నేర్చుకొనుటకై సముద్రములు దాటించి ఇంగ్లండునకు పంపెను. ఆ కుమారుడు తిరిగివచ్చి 1921లో 'భీష్మప్రతిజ్ఞ' అను మూగచిత్రమును తీసెను. ఆనాడు దానికై ఓడ యెక్కవలసి వచ్చినది. నేడు కెమెరాయు, కత్తెరయు, తెరయు ఒక్క ఫోనులోనే యిమిడి, చాలమంది యిండ్లలో ఉన్నవి. లేనిది గురువు మాత్రమే.

"మా బడి పేదది" అందురు. తరగతికంతకు ఒక్క ఫోను చాలును. మాస్కోబడికి ఫిలిమే లేకపోయినది. చింతపిక్కలకును, ఆఱు గళ్ళ కాగితమునకును ఖర్చు లేదు.

ఈ విద్య నేర్చినవాడు ఎన్నడును మోసపోడని నేను చెప్పను. చదువుకొన్నవారును మోసపోవుచునే యున్నారు. కాని అక్షరము వచ్చినవాడు కాగితమును చదువక వ్రేలు ముద్రింపడు గదా. చూచుట వచ్చినవాడు పంపిన ప్రతి బొమ్మను నమ్మి పదిమందికి పంచుటకు ముందు ఒక్క నిమిషము ఆగును. ఒక్క నిమిషము ఆగుటవలన తప్పిపోవు ఆపదలు ఎన్ని యున్నవో, పంచాయితీలు చేసిన మీకు నాకన్న బాగుగ తెలియును.

ఇంకొక మాట. 1975 ఆగస్టు 1వ తేదీనుండి 1976 జూలై 31 వఱకు మన దేశమున ఉపగ్రహముద్వారా గ్రామములకు టెలివిజను చూపిన గొప్ప పరీక్ష జరిగినది. ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు ఎన్నుకొనబడినవి. అందు ఆంధ్రప్రదేశము ఒకటి. బడిముందు పెట్టిన పెట్టె చుట్టును ఊరంతయు కూర్చున్న ఆ సాయంకాలములు మీలో కొందఱికైన జ్ఞాపకముండవచ్చును. ఆనాడు బొమ్మలు ఎక్కడనో తయారై ఊరికి వచ్చినవి, ఊరు చూచినది. తన కథను తాను చూపుటకు ఊరికి ఈనాడు సాధనము దొరకినది. చెఱువు ఎవరు త్రవ్విరో, ఏ యేట గండిపడినదో, ఆ రాత్రి గట్టు నిలిపినవారెవరో మీకు తెలియును. తోలుబొమ్మలాటవారు ఏ చెట్టుక్రింద తెర కట్టెడివారో మీకు తెలియును. మీ తరువాత చెప్పువారు లేరు. పిల్లలకు కెమెరా పట్టుట తెలిసినను, దాని యెదుట నిలుపవలసిన కథ మీ కడనే యున్నది.

కావున పెద్దలను మూడు కోరుచున్నాను. బడి కమిటీలో మీరు కూర్చున్నపుడు, వారమునకు రెండు పీరియడులు ఈ చూపుల చదువునకు ఇప్పింపుడు. పిల్లలు కథ అడుగ వచ్చినపుడు తీఱిక లేదనక చెప్పుడు. వారు తీసిన నిమిషమున్నర బొమ్మను చూచుటకు మొదటి వరుసలో కూర్చుండి, చూచిన పిదప మొగమాటము లేక మీకు తోచినది తోచినట్లు చెప్పుడు. ఆ బొమ్మలో మీ ముఖము కనబడి, దాని తరువాత ఎండిన చెఱువో, నిండిన చెఱువో కనబడవచ్చును. "ఈ రెండింటిని ఇట్లు ఎందుకు చేర్చితివిరా?" అని ఆ పిల్లవానిని అడుగుడు. వాడు చెప్పు సమాధానమును బట్టి వాని చదువు ఎంతవఱకు వచ్చినదో మీకు తెలియును.